ఫస్ట్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) రేసుకి హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా? తిరుపతి, చిత్తూరు వాళ్ళకి నా సలహా

మన పక్క రోడ్డు సైకిళ్ళు తొక్కేవాళ్ళు బాగానే పెరిగారు, ఇప్పుడు వాళ్ళలో చానా మందికి మట్టి బాట మీదకి దిగాలని, ఒక్క క్రాస్ కంట్రీ రేసులో అయినా స్టార్ట్ లైన్ దగ్గర నిలబడాలని ఆశ పుట్టింది, అది చూస్తే నాకు చానా సంతోషంగా ఉంటాది. అందరూ ముందు అడిగేది మాత్రం ఒకటే, "అన్నా, హార్డ్‌టెయిల్ తీస్కోవాలా, ఫుల్ సస్పెన్షన్ తీస్కోవాలా" అని. హార్డ్‌టెయిల్ అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి మాత్రమే సస్పెన్షన్, ఫుల్ సస్పెన్షన్ అంటే వెనక కూడా షాక్ ఉంటాది. రెండిట్లో ఏది అనేదానికి జవాబు కింద గట్టిగానే చెప్తా. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ రకం రేసు అనేది. అది తేలకుండా సైకిల్ కొంటే డబ్బులు అక్కర్లేని చోట పోతాయి, అక్కర ఉన్న చోట మిగలవు.

క్రాస్ కంట్రీ అంటే ఒక్క రకం కాదు. ఒలింపిక్స్‌లో టీవీలో చూసేది ఎక్స్‌సీఓ (క్రాస్ కంట్రీ ఒలింపిక్), 1996 అట్లాంటా నుంచి ఉంది. 4 నుంచి 6 కిలోమీటర్ల లూప్ ఒకటి వేస్తారు, దాన్నే మళ్ళీ మళ్ళీ తిరగాలి, పెద్దోళ్ళ రేసు గంటా ఇరవై నిమిషాల నుంచి గంటా నలభై దాకా పడతాది, మామూలు వాళ్ళకి ల్యాపులు తగ్గిస్తారు. రెండోది ఎక్స్‌సీఎం, అంటే మారథాన్, రూల్స్ ప్రకారం 60 నుంచి 160 కిలోమీటర్ల దాకా ఉంటాది, మనవాళ్ళ లోకల్ ఈవెంట్లలో 30, 40 కిలోమీటర్లు పెట్టి కూడా ఆ పేరే వాడతారు. ఇవి కాక షార్ట్ ట్రాక్ ఉంది, ఇరవై నిమిషాల చిల్లర యుద్ధం. ఇంకా రోజుల తరబడి సాగే స్టేజ్ రేసులు ఉన్నాయి, హిమాచల్‌లో పేరు తెచ్చుకున్న ఎంటీబీ హిమాలయ లాంటివి. ఈ చివరి రెండూ ఇప్పుడు పక్కన పెట్టేయండి.

ఫస్ట్ రేసుకి నేను ఎక్స్‌సీఓనే తీస్కోమంటా. రోడ్డు మీద వంద కిలోమీటర్లు ఈజీగా తొక్కే వాళ్ళు "నాకు దమ్ము ఉండాది, మారథాన్ పోతా" అంటారు, ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ మారథాన్‌లో ఇరవయ్యో కిలోమీటర్ దగ్గర చెయిన్ తెగినా, రాయి తగిలి డిరైలర్ (చెయిన్‌ని గేర్ల మీద మార్చే భాగం) హ్యాంగర్ వంగినా, అడివిలో మీరూ మీ సైకిలూ తప్ప ఎవరూ ఉండరు. ఎక్స్‌సీఓలో అయితే ఎంత దూరం పోయినా స్టార్ట్ పాయింట్‌కి రెండు మూడు కిలోమీటర్ల లోపలే ఉంటారు. అదీగాక ఒకే గుండ్ల దిగుడు ఒకే రోజు నాలుగైదు సార్లు దిగుతారు, మొదటి ల్యాపులో భయపడి బ్రేకులు నొక్కిన చోట మూడో ల్యాపుకి చేతులు వాటంతట అవే సర్దుకుంటాయి. ఆ నేర్పు మారథాన్‌లో రాదు, ఎందుకంటే అక్కడ ప్రతి రాయినీ ఒక్కసారే చూస్తారు.

ఒక్క విషయం మాత్రం ముందే తెల్సుకోండి, ఎక్స్‌సీఓలో స్టార్ట్ చానా ఘోరంగా ఉంటాది, మొదటి అయిదు నిమిషాలు ఊపిరి అందదు, ఎందుకంటే సన్న బాట మొదలయ్యే లోపల ముందుకి దూరకపోతే తర్వాత ఓవర్‌టేక్ చేసే చోటే దొరకదు. ఇంకోటి 80 శాతం రూల్. లీడర్‌కి మొదటి ల్యాపు ఎంత టైము పట్టిందో అందులో 80 శాతం కంటే జాస్తి మీరు లీడర్‌కి వెనకబడితే మిమ్మల్ని బయటికి తీసేస్తారు. యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) రూల్స్ నడిచే రేసుల్లో ఇది ఖచ్చితంగా ఉంటాది, చిన్న ఓపెన్ రేసుల్లో చూసీ చూడనట్టు వదిలేస్తారు. తీసేశారు అంటే అవమానం ఏం కాదు, మీ ప్లేసు రిజల్ట్స్‌లో ఉంటాది. నేషనల్స్ కలగనే వాళ్ళు మాత్రం రాష్ట్ర అసోసియేషన్ సెలెక్షన్ ద్వారానే పోవాలి, దానికి ముందు రెండు మూడు ఓపెన్ రేసులు కొట్టి ఉంటే బెదురు పోతాది.

సరే, ఇప్పుడు అసలు గొడవకి వద్దాం.

పెద్ద రేసుల్లో ఎవరు గెలిచారో చూస్తే ఫుల్ సస్పెన్షన్‌దే పైచేయి, అందులో దాచేదేం లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ రిపబ్లిక్ రైడర్ యారోస్లావ్ కుల్హవీ ఫుల్ సస్పెన్షన్ మీద, హార్డ్‌టెయిల్ తొక్కిన స్విస్ రైడర్ నీనో షర్టర్‌ని ఒకే ఒక్క సెకండ్ తేడాతో కొట్టాడు. నాలుగేళ్ళకి రియోలో అదే షర్టర్ ఫుల్ సస్పెన్షన్ మీదికి మారి గోల్డ్ కొట్టాడు. దిగుడులో టైరు నేలని వదలదు, గుండ్ల ఎక్కుడులో వెనక చక్రం ఎగిరెగిరి పడదు, గంటసేపు తొక్కినాక నడుము అంత నొప్పెట్టదు. ఇవన్నీ నిజమే.

మరి నేనెందుకు ఫస్ట్ రేసుకి హార్డ్‌టెయిలే అంటున్నానంటే, ఆ రైడర్లకి వెనకాల మెకానిక్కులు ఉంటారు, మనకి ఉండరు. పనికొచ్చే క్రాస్ కంట్రీ ఫుల్ సస్పెన్షన్ కొత్తది కావాలంటే రెండు లక్షలు దాటి పెట్టాలి, అంతకంటే తక్కువకి దొరికేవి చానా మటుకు బరువు జాస్తి, షాక్ నాసిరకం, వాటి మీద మిట్ట ఎక్కుతుంటే కాళ్ళ బలం సగం షాకే మింగేస్తాది. ఒకే ధరలో రెండూ పెట్టి తూచితే ఫుల్ సస్పెన్షన్ కిలోన్నర, రెండు కిలోలు జాస్తి బరువు ఉంటాది, ఆ డబ్బుకి హార్డ్‌టెయిల్‌లో ఫోర్కూ, బ్రేకులూ, గేర్లూ ఒక మెట్టు పైవి వస్తాయి. ఇంకా వెనక సస్పెన్షన్ కదిలే కీళ్ళలో పివట్ బేరింగులు ఉన్నాయి. మన ఎర్రమట్టి దుమ్ము ఎండాకాలంలో ఎంత సన్నగా ఉంటాదో తెల్సు కదా, అది సీళ్ళలోకి దూరతాది, కార్తీక మాసం వానల్లో అదే దుమ్ము బురదై గట్టిపడతాది, కొన్నాళ్ళకి కిర్రు కిర్రు మొదలు. బేరింగులు మార్చాలన్నా, వెనక షాక్ సర్వీసు చెయ్యాలన్నా బెంగళూరో చెన్నైయో పంపాల్సిందే, అన్ని రోజులు సైకిల్ లేకుండా కూర్చోవాలి. ఫస్ట్ రేసు ముందు నెలలో సైకిల్ సర్వీసు సెంటర్లో ఉంటే ఏం ట్రైనింగు చేస్తారు చెప్పండి.

ఇంకో కారణం నేల. మనకి దొరికే బాటలు ఏంటి? మామిడి తోపుల మధ్య డొంకలు, చెరువు కట్టలు, ఎండిపోయిన వంకలు, గులకరాళ్ళ మిట్టలు. పెద్ద పెద్ద డ్రాపులు లేవు. ఈ నేలకి 100 మిల్లీమీటర్లు కిందికి దిగే ఎయిర్ ఫోర్క్ (స్ప్రింగు బదులు గాలితో పనిచేసేది) ఉన్న హార్డ్‌టెయిల్ సరిగ్గా సరిపోతాది. పైగా హార్డ్‌టెయిల్ మీద ఒక ఏడాది తిరిగినోడికి ఏ రాయి మీదినుంచి పోవాలి, ఏది తప్పించాలి అని కళ్ళకి ముందే తెలుస్తాది, ఆ కన్ను తర్వాత ఎంత ఖరీదు సైకిల్ ఎక్కినా పనికొస్తాది.

ఫుల్ సస్పెన్షన్ ఎవరు తీస్కోవచ్చు? నడుం నొప్పి ముందే ఉన్నవాళ్ళు, నలభై దాటి మారథాన్లే తొక్కాలని గట్టిగా అనుకున్నవాళ్ళు, బెంగళూరులో ఉద్యోగం ఉండి వారం వారం అక్కడి ట్రెయిల్స్ తొక్కేవాళ్ళు. వీళ్ళు డబ్బుంటే ఆలోచించక్కర్లేదు, తీస్కోండి.

హార్డ్‌టెయిల్ అన్నంత మాత్రాన ఏదో ఒకటి కొనెయ్యకండి, ఇక్కడే చానా మంది దెబ్బ తింటారు. 30, 35 వేల సైకిళ్ళకి ముందు లావు స్ప్రింగు ఫోర్క్ ఉంటాది, అది రెండు కిలోలు దాటి బరువు, రెండు గుండ్లు వరసగా వస్తే మొదటి దానికి దిగింది రెండో దానికి పైకి లేవదు. ఎయిర్ ఫోర్క్ అయితే మీ బరువుకి తగ్గట్టు పంపుతో గాలి పెట్టుకోవచ్చు, అరవై కిలోల పిల్లోడికీ తొంభై కిలోల మనిషికీ ఒకే ఫోర్క్ కుదురుతాది. కొనేటప్పుడు హెడ్ ట్యూబ్ (ఫ్రేములో ఫోర్క్ దూరే ముందు గొట్టం) చూడండి, కింద లావుగా పైన సన్నగా ఉంటే దాన్ని టేపర్డ్ అంటారు, అది ఉంటే ఇప్పుడు స్ప్రింగు ఫోర్క్ వచ్చినా రేపు మంచిది మార్చుకోవచ్చు, సూటిగా ఉన్న పాత రకం హెడ్ ట్యూబ్‌కి ఇప్పుడు మంచి ఫోర్కులు దొరకడమే కష్టం. వెనక హబ్బు ఫ్రీహబ్ (ఫ్రీగా తిరిగే భాగం హబ్బులోనే ఉండే రకం) అయి ఉండాలి, హబ్బుకి మరలాగా బిగించే పాతకాలం ఫ్రీవీల్ కాదు, ఫ్రీవీల్ హబ్బుల్లో యాక్సిల్ వంగిపోవడం మామూలే. బ్రేకులు హైడ్రాలిక్ తప్పనిసరి, కేబుల్ డిస్కు వద్దు, పొడుగు దిగుడులో వేళ్ళు తిమ్మిరెక్కి రేసు సగంలో బ్రేకు నొక్కే బలం ఉండదు. ముందు ఒకే చెయిన్‌రింగు, 32 పళ్ళది, వెనక 51 పళ్ళ దాకా ఉండే క్యాసెట్ (గేరు చక్రాల గుత్తి), షిమానో డియోర్ లాంటిది చాలు, ముందు డిరైలర్ లేకపోతే చెడిపోయే వస్తువు ఒకటి తగ్గినట్టే. ఇవన్నీ కలిపి కొత్తది సుమారు 80 వేల నుంచి లక్షా పాతిక వేల మధ్యలో వస్తాది.

చక్రం 29 ఇంచులే తీస్కోండి. అయిదడుగుల రెండంగుళాల లోపు ఉన్నవాళ్ళు, ఆడపిల్లలు ముఖ్యంగా, 27.5 ఎక్కి చూసి నిర్ణయించుకోండి, ఫ్రేము సైజు సరిపోకపోతే చక్రం సైజు ఏం చేసుకుంటాం.

టైర్ల గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే మన పక్క రేసు గెలిచేదీ ఓడేదీ టైర్ల దగ్గరే. ట్యూబ్ వెయ్యాలా ట్యూబ్‌లెస్ చెయ్యాలా అంటే మన జిల్లాల్లో ఇంక రెండో ఆలోచన వద్దు, ట్యూబ్‌లెస్సే. కారణం పల్లేరుకాయలు. చేను గట్టు మీద యాడ చూసినా ఉంటాయి, ఒక్క రౌండు కొట్టి వస్తే టైరుకి అయిదారు గుచ్చుకుని ఉంటాయి, వీటికి తోడు చెరువు కట్టల మీద సీమ తుమ్మ ముళ్ళు, అవి అంగుళం పైన ఉంటాయి. ట్యూబ్ ఉంటే రోజూ పంక్చరు అతికించడమే పని. ట్యూబ్‌లెస్‌లో లోపల పోసే సీలెంటు ముల్లు దిగిన చోటికి పోయి గడ్డకడతాది, సగం సార్లు పంక్చరు అయినట్టు కూడా మీకు తెలీదు. 29 ఇంచుల టైరుకి ఒక్కోదానికి సుమారు 100 మిల్లీలీటర్లు పొయ్యండి. కంపెనీ వాళ్ళు నాలుగైదు నెలలు ఉంటాదని రాస్తారు గానీ మన ఏప్రిల్, మే ఎండల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు అది తొందరగా ఎండిపోతాది, రెండు నెలలకొకసారి వాల్వు విప్పి ఊపి చూసి మళ్ళీ పోసుకోవాలి. రిమ్ము ట్యూబ్‌లెస్ రెడీ అని ఉందా లేదా కొనేటప్పుడే అడగండి.

ట్యూబ్‌లెస్‌కి ఇంకో లాభం తక్కువ గాలి. ట్యూబ్ ఉన్న టైరులో 30 పీఎస్ఐ కంటే తగ్గిస్తే రాయి మీద రిమ్ము తగిలి ట్యూబ్‌కి పాము కాటు లాగా రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్‌లో 65 కిలోల మనిషి ముందు 20, 21, వెనక 23, 24 పెట్టుకుని గులకరాళ్ళ మిట్ట ఎక్కితే టైరు నేలకి అతుక్కుని పోతాది, జారదు. హార్డ్‌టెయిల్ తొక్కేవాడికి వెనక సస్పెన్షన్ అంటే ఆ టైరే. వెడల్పు 2.25 నుంచి 2.4, పళ్ళు మధ్యలో చిన్నగా దగ్గర దగ్గరగా, పక్కల పెద్దగా ఉన్నవి తీస్కోండి, పక్క గోడ బలంగా ఉన్న మోడలే కొనండి, వంద గ్రాములు బరువైనా సరే. ట్యూబ్‌లెస్ అయినా పెద్ద కోత పడితే సీలెంటు ఆపలేదు, దానికి మోటర్ సైకిల్ వాళ్ళు పెట్టే లాంటి చిన్న స్ట్రిప్పులు, ఒక స్పేర్ ట్యూబ్, చేతి పంపు జేబులో ఉండాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్‌కి రేసు మధ్యలో ముందు టైరు పోయింది, రిపేర్లకి కేటాయించిన టెక్ జోన్‌లో చక్రం మార్చుకుని అర నిమిషం పైన వెనకబడి కూడా మళ్ళీ అందుకుని గోల్డ్ కొట్టాడు, అంటే పంక్చరు పడినంత మాత్రాన రేసు అయిపోలేదు, కానీ టెక్ జోన్ దాకా చేరాలి, అక్కడ మీ మనిషి స్పేరు చక్రంతో నిలబడి ఉండాలి. రూల్స్ ప్రకారం బయటి సాయం తీస్కోవడానికి ఆ జోన్ ఒక్కటే చోటు, నీళ్ళ సీసా అందుకోవడమైనా అక్కడే.

పెడల్స్‌లో ఫ్లాటా, బూటు బిగుసుకునే క్లిప్పా? మొదటి మూడు నెలలు ఫ్లాట్ మీద తిరగండి, రాళ్ళ మీద బ్యాలెన్స్ వచ్చినాక క్లిప్పుకి మారండి, రేసుకి క్లిప్పు ఉంటే మంచిదే, లేకున్నా పరవాలేదు. తొక్కుతానే సీటు కిందికి దించుకునే డ్రాపర్ సీట్ పోస్టు ఇప్పుడు అందరూ పెడుతున్నారు, మనకి రెండో ఏడాది ఖర్చు అది.

కొత్తదా, సెకండ్ హ్యాండా అనేదానికి నా లెక్క ఇట్లా ఉంటాది. తిరుపతిలో కొంటే ఏదైనా తేడా వస్తే సాయంత్రం పోయి చూపించుకోవచ్చు, కానీ రేసు మోడల్సు అన్నీ షాపులో నిలబెట్టి ఉండవు, బుక్ చేసి తెప్పించుకోవాలి, ఎక్కి చూసే వీలు ఉండదు. చెన్నై నూట ముప్పై చిల్లర కిలోమీటర్లే, చిత్తూరు వాళ్ళకి బెంగళూరు కూడా పొద్దున పోయి రాత్రికి వచ్చే దూరమే, అక్కడ రెండు మూడు సైజులు ఎక్కి చూడొచ్చు. సెకండ్ హ్యాండ్ మార్కెట్టు బెంగళూరులో బాగుంటాది, రెండేళ్ళు వాడిన మంచి హార్డ్‌టెయిల్ సగం ధరకి దొరకొచ్చు. చూసేటప్పుడు ఫ్రేము కింద, హెడ్ ట్యూబ్ దగ్గర వెల్డింగు చుట్టూ వెంట్రుక లాంటి గీత ఉందేమో గోరుతో తాకి చూడండి, ఫోర్క్ కాళ్ళ మీద గీతలు పడి ఉంటే ఆయిల్ సీలు పోయినట్టే, చెయిన్ సాగిందా లేదా కొలిచే గేజ్ వంద రెండొందలకి దొరకతాది, అది తీస్కుని పోండి. కార్బన్ ఫ్రేము సెకండ్ హ్యాండ్‌లో వద్దు, లోపల పగులు కంటికి కనపడదు.

ఇప్పుడు యాడ తొక్కాలి అనేది. ఇది నాకు సైకిల్ కంటే ముఖ్యం. తిరుపతి చుట్టూ చూస్తే శేషాచలం, పచ్చగా పిలుస్తా ఉంటాది, ఎవరికైనా లోపలికి సైకిల్ తోలాలనే అనిపిస్తాది. పోవద్దు. అది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, 1989 నుంచి రక్షిత ప్రాంతం, 2010లో బయోస్ఫియర్ రిజర్వు కూడా అయింది. పర్మిషన్ లేకుండా లోపల తిరగడం నేరం, పైగా ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్ళు కాపలా కాస్తా ఉంటారు, తెల్లారుజామున చీకట్లో హెడ్‌లైటు పెట్టుకుని అడివి బాటలో కనపడితే వాళ్ళు ఏమనుకుంటారు. చిరుతలు ఉన్నాయి, 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లని చంపింది, అందరికీ తెల్సు. పలమనేరు పక్క కౌండిన్య అడివి అంచులు కూడా అంతే, అక్కడ ఏనుగులు.

దానికి బదులు బయట బోలెడు ఉంది. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు చుట్టుపక్కల తోపుల డొంకలు, రైతుని ఒక మాట అడిగితే కాదనరు, తోతాపురి కోతల టైములో మాత్రం ట్రాక్టర్లు తిరగతా ఉంటాయి, అప్పుడు వదిలెయ్యండి. ఊరూరా చెరువు కట్ట ఉంది. స్వర్ణముఖి ఎండినప్పుడు ఆ ఇసకలో పది నిమిషాలు తొక్కితే గుండ్రంగా పెడల్ వెయ్యడం అదే వస్తాది. పొడుగు ఎక్కుడు కావాలంటే హార్స్‌లీ హిల్స్, పైన 1,200 మీటర్లు దాటిన ఎత్తు, ఇప్పుడు అన్నమయ్య జిల్లాలోకి పోయినా మనకి అదే దగ్గర. అది తారు రోడ్డే, కానీ కాళ్ళకి దమ్ము రావడానికి తారయితే ఏం మట్టయితే ఏం.

వారానికి ఎంత తొక్కాలి అని అడిగితే, ఉద్యోగం చేసేవాళ్ళకి ఆరేడు గంటలు చాలు. ఆదివారం ఒక్కటే నాలుగు గంటలు తొక్కి మిగతా రోజులు ఊరికే ఉండటం కంటే, రెండు రోజులు గంటేసి ఇంటర్వెల్స్, ఆదివారం రెండున్నర గంటలు మట్టి బాట, ఇంకో రోజు మెల్లగా, ఇది ఎక్స్‌సీఓకి చానా మేలు. ఇంటర్వెల్ అంటే ఒక మిట్ట ఎంచుకుని నాలుగు నిమిషాలు మాట రానంత గట్టిగా ఎక్కడం, మెల్లగా దిగడం, అట్లా నాలుగైదు సార్లు. స్టార్ట్‌లో ఊపిరి అందని ఆ అయిదు నిమిషాలకి ఇదొక్కటే మందు. ఎండాకాలంలో ఏడున్నర కల్లా ఇంటికి వచ్చేయండి.

తిండికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. రేసుకి మూడు గంటల ముందు ఇడ్లీలు, అరటిపండు. గంట దాటే రేసు అయితే గంటకి 50, 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి, దానికి జెల్లులు కొన్నా సరే, సీసాలో చక్కెర, ఉప్పు, నిమ్మకాయ కలుపుకున్నా సరే. సంగటి రేసు అయినాక తృప్తిగా తినండి, ముందు రాత్రి వద్దు, పీచు జాస్తి, పొద్దున కడుపు బరువుగా ఉంటాది.

ఇంక చివరి ఎంపిక, రేసు ముందు రోజు రెస్టు తీస్కోవాలా, ట్రాక్ చూడాలా. ట్రాకే చూడాలి, రెండు ల్యాపులు మెల్లగా. కష్టమైన చోట్ల రెండు దార్లు పెడతారు, 'ఏ' (A) లైన్ దగ్గర దారి గానీ గుండ్లు, డ్రాపు ఉంటాయి, 'బీ' (B) లైన్ చుట్టు తిరుగుడు గానీ సేఫ్. బీ లైన్‌లో పోతే పోయేది అయిదో పదో సెకండ్లు, 'ఏ' లైన్‌లో పడితే మొత్తం రేసే పోతాది. ప్రాక్టీసులో వరసగా మూడు సార్లు నిబ్బరంగా దిగితేనే రేసులో 'ఏ' లైన్ పోండి, లేకుంటే 'బీ'. పొద్దున రేసు ముందు ఇంకోసారి నడిచి చూడండి, రాత్రికి రాత్రి ఏదైనా మారొచ్చు. టోక్యో ఒలింపిక్స్‌లో డచ్ రైడర్ మథ్యూ వాన్ డెర్ పూల్ అంతటోడు కూడా, ప్రాక్టీసులో ఉన్న చెక్క ర్యాంపు రేసు రోజు కూడా ఉంటాదనుకుని ఒక పెద్ద బండ మీదినుంచి దిగి, ఫస్ట్ ల్యాపులోనే ఘోరంగా పడ్డాడు.

బెంగళూరుకో ఇంకో ఊరికో సైకిల్ బస్సులో వేస్కుని పోతుంటే ముందు చక్రం తీసినాక హైడ్రాలిక్ బ్రేకు కాలిపర్ మధ్యలో ఒక అట్టముక్క మడిచి పెట్టండి, దారిలో ఎవరి చెయ్యయినా లివర్ మీద పడితే ప్యాడ్లు మూసుకుపోతాయి, తర్వాత చక్రం ఎక్కదు. డిరైలర్ పక్క పైకి ఉండేలా పడుకోబెట్టండి. రేసు ఆదివారం పొద్దున అయితే శనివారం మధ్యాహ్నానికి అక్కడ ఉండేలా బయల్దేరండి, ట్రాక్ చూడటానికి వెలుతురు మిగలాలి.